గుర్నాథం మామ రక్తంలో శుభవార్త

చలివేంద్రం ఊరి ఆసుపత్రి, రక్తపరీక్షల గది దినచర్య.
రాస్తున్నది: సువర్చల

మూడో నెల, వెలుగు పక్షం, రెండో రోజు

ఈ ఉదయం పరగడుపున పదకొండు మంది దగ్గర రక్తం తీశాను. పన్నెండో మనిషి రాలేదు. మేకల దొడ్డిలో ఉన్నాడంటే సూదీ గొట్టం పట్టుకుని నేనే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి గౌరి అనే మేక నడుముకు కట్టిన ఇసుకపట్టీ తెంపుకుని పైకప్పు దీపం దాకా ఎగిరింది. చంద్రుడి మీద దేని బరువైనా ఆరో వంతే కదా, పట్టీ ఊడిన మేకను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. నర్సమ్మత్త కింద నిలబడి చేతులు చాచి, "దిగవే నా తల్లే, దిగు" అని బతిమాలుతోంది. ఈ ఊళ్ళో ఉన్న ఇరవై మూడు మేకలకూ ఆవిడే కాపరి.

ఆవిడ భర్త గుర్నాథం మామే నా పన్నెండో మనిషి. ముప్పై ఏళ్ళు నీటిగొట్టాలు అతికి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాడు. నన్ను చూడగానే చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"మళ్ళీ తీసీస్తావేటి పాపా? నా రగతం నాకు కాస్తయినా ఒగ్గవా?"

"ఇవాళ్టిది ముఖ్యమైనది మామా. మందు వేసి పది వారాలైంది."

నాలుగు వందల పన్నెండు మందిమి ఒకే వంటశాలలో, ఒకే తిండి తింటాం. అయినా ఒకరి రక్తంలో చెడు కొలెస్ట్రాల్ తొంభై ఉంటే ఇంకొకరికి మూడు వందలకు దగ్గర. ఆ తేడా ఎంతవరకు పుట్టుకతో వచ్చిందో తేల్చడమే ఆరేళ్ళుగా నా పని. గుర్నాథం మామ వంశంలో ఒక జన్యువులో చిన్న తప్పుంది. రక్తంలోని కొవ్వును కాలేయం సరిగ్గా లోపలికి లాక్కోదు. ఆయన తండ్రి నలభై నాలుగో ఏట, అన్న నలభై ఏడో ఏట గుండె ఆగి పోయారు. మామకు యాభై ఎనిమిది. జన్యువును సరిదిద్దే నా మందు వేయించుకోవడానికి ఊళ్ళో మొదట ఒప్పుకున్నవాడు ఆయనే.

మధ్యాహ్నం ఫలితం వచ్చింది. రెండు వందల ఎనభై ఆరు ఉన్నది నూట తొంభై ఒకటి అయింది! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. తల పైకప్పుకు తగిలి బొప్పి కట్టింది. బొప్పి మీద చల్లటి గుడ్డ పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మూడో నెల, వెలుగు పక్షం, మూడో రోజు

శుభవార్త చెప్పడానికి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. నర్సమ్మత్త నా రెండు బుగ్గలూ పుణికింది. మామ మాత్రం మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

"నీ మందు కాదు పాపా. గుమ్మపాలు."

"ఏ పాలు?"

"పొదుగు కాడే పితికి, ఎచ్చెచ్చగా తాగీడవే. రొండు నెలల్నించి రోజూ చెంబుడు తాగుతున్నాను. మా తాత అలగే తాగీవోడు, తొంభై ఏళ్ళు బతికినాడు."

"మీ తాతకు ఈ జన్యువు లేదు మామా. అది మీ నాయనమ్మ వైపు నుంచి వచ్చింది. అయినా పాలు మరగబెట్టే యంత్రంలోంచి రాకుండా తాగకూడదని నియమం ఉందిగా?"

"యంత్రంలో పడితే పాలకి పేణం పోతాది."

నర్సమ్మత్త, "సెప్పినా ఇనడమ్మా" అంది. కానీ నిన్న పాల రుచి ఎలా ఉందో చూడటానికి ఆవిడ కూడా చెంబులో వేలు ముంచి నాకడం నా కళ్ళతో చూశాను. నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవలసింది కాదేమో అని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది.

లేచేటప్పుడు మామ నడుం పట్టుకుని మూలిగాడు. తిరగలి వల్లనట. ఎముకలు బోలుపోకుండా అందరమూ రోజుకు రెండు గంటలు తిరిగే గదిలో కూర్చుంటాం. భూమి మీదంత బరువు ఒంటి మీద పడుతుంది. దాన్ని తిరగలి అంటాం. దిగాక నడుం నొప్పి అనని మనిషి ఈ ఊళ్ళో లేడు.

మూడో నెల, చీకటి పక్షం, ఆరో రోజు

మేకల దొడ్డి ముందు వరుస! చెంబులు, గ్లాసులు, ఒకాయన బయట తిరిగేటప్పుడు తలకు పెట్టుకునే శిరస్త్రాణాన్నే గిన్నెలా పట్టుకొచ్చాడు. వరుసకు ముందు గుర్నాథం మామ నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు. "రొండొందల ఎనభై ఆరు నించి నూట తొంభై ఒకటి. నాను సెప్పడం నేదు, ఆసుపత్రి యంత్రం సెప్పింది."

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ నా కష్టాన్ని మేక పొదుగుకు అప్పగించేస్తున్నాడు! భోజనశాల గోడ మీద పెద్ద అక్షరాలతో ప్రకటన అంటించాను: "కొలెస్ట్రాల్ తగ్గింది మందు వల్ల. పాల వల్ల కాదు." సాయంత్రానికి దాని కింద ఎవరో మేక బొమ్మ వేశారు. బాగా వేశారు కూడా.

పచ్చిపాలు తాగవద్దు అన్న మాట ఆ ప్రకటనలో రాయలేదు. అప్పుడు నా ధ్యాస ఘనత ఎవరిదన్న దాని మీదే ఉంది.

నాలుగో నెల, వెలుగు పక్షం, ఐదో రోజు

మామ చెడు కొలెస్ట్రాల్ ఈ రోజు నూట ముప్పై రెండు. ఆ వంశంలో పుట్టిన మనిషికి ఈ అంకె రావడమంటే మాటలు కాదు. భూమికి పంపే వ్యాసం మొదలుపెట్టాను. శీర్షిక మూడుసార్లు మార్చాను.

ఒక్క విషయం మింగుడుపడటం లేదు. మంచి కొలెస్ట్రాల్ కూడా నలభై ఆరు నుంచి ఇరవై ఎనిమిదికి దిగింది. నా మందు దాని జోలికి వెళ్ళకూడదు. యంత్రం పొరపాటు అనుకుని మళ్ళీ కొలిచాను. ఇరవై ఎనిమిదే. వ్యాసంలో ఆ గడి ప్రస్తుతానికి ఖాళీగా వదిలాను.

మామ బాగా చిక్కాడు. చెంపలు లోపలికి పోయాయి. "సన్నబడ్డావు మామా" అంటే "కొవ్వు కరిగినాది" అని నవ్వాడు. నర్సమ్మత్త నవ్వలేదు. "సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు ఎచ్చబడతాది. సెమటతో సొక్కా పిండితే నీళ్ళొస్తన్నాయమ్మా. నాలుగు రోజుల్నించి తిరగలికే ఎల్లనేదు" అని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. మా ఆసుపత్రి డాక్టరు జమీలా నొప్పికి పూత ఇచ్చి పడుకోమన్నారట.

నాలుగో నెల, వెలుగు పక్షం, తొమ్మిదో రోజు

ఈ రోజు జరిగింది వరుసగా రాస్తాను.

పొద్దున నెలవారీ పరీక్షలో నర్సమ్మత్త వంతు. ఆవిడకు ఆ జన్యువు లేదు, నేను మందూ వేయలేదు. ఆరేళ్ళుగా ఆవిడ చెడు కొలెస్ట్రాల్ నూట నాలుగు చుట్టూనే తిరుగుతోంది. ఈ రోజు అరవై మూడు. మంచిది యాభై నుంచి ముప్పై ఒకటి.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. మందు వేసుకున్న మనిషికీ తగ్గింది, వేసుకోని మనిషికీ తగ్గింది. ఇద్దరికీ రెండు రకాల కొవ్వులూ కలిసే తగ్గాయి. ఇది నా మందు పని కాదు. ఒంట్లో ఎక్కడో సూక్ష్మజీవి చేరి చాలాకాలం తిష్ఠ వేస్తే రక్తంలో కొవ్వులు ఇలాగే పడిపోతాయని చదువుకునే రోజుల్లో రెండు మార్కుల ప్రశ్నకు జవాబు రాశాను నేను.

వ్యాసం తెర మీద తెరిచే ఉంది. దాన్ని మూయడానికి చెయ్యి రాలేదు.  తర్వాత కాగితాలు పట్టుకుని డాక్టరు జమీలా గదికి వెళ్ళాను.

ఆవిడ చూసి, "ఇద్దరిని ఇప్పుడే పిలువు" అన్నారు.

గుర్నాథం మామను బోర్లా పడుకోబెట్టి వెన్నుపూసల మీద ఒక్కొక్కటిగా వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చారు. నడుం దగ్గరకు రాగానే మామ కేకకు బయట ఉన్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

"ఎన్ని దినాల సంది ఉంది ఈ నొప్పి?"

"రొండు నెలలుంటాది. తిరగలి..."

"తిరగలి కాదన్నా. తిరగలి నొప్పి పండుకుంటే తగ్గుతది. నీది పండుకున్నా తగ్గుతలేదు గదా?"

మామ తలూపాడు. డాక్టరు నర్సమ్మత్త వైపు తిరిగారు. "మేకలకు ఈ మధ్య ఏమన్నా అయిందా అక్కా?"

"గౌరి పిల్లని ఈసుకుపోయింది డాక్టరమ్మా. ఆ ఎనకే సిట్టికి కూడా నెలలు నిండకుండానే సచ్చిన పిల్ల పుట్టింది. నా సేతుల్తోనే తీసినాను."

"చేతికి తొడుగులు ఏసుకున్నవా?"

"మేక పురిటికి తొడుగులేటి?"

డాక్టరు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "బ్రుసెల్లా కావొచ్చు" అన్నారు. మేకల నుంచి పచ్చిపాల ద్వారా, పురుటి నీళ్ళ ద్వారా మనుషులకు పాకే జ్వరమట. కొందరికి అది వెన్నెముకలోకి దిగుతుందట. భూమి మీద ఆవిడ ఒకే ఒక్కసారి చూశారట, చదువుకునేటప్పుడు.

స్కాన్‌లో నడుం దగ్గర రెండు పూసల అంచులు ఎలుక కొరికిన రొట్టెలా ఉన్నాయి. మధ్యలో చిన్న చీముగడ్డ. దాని వెనకే కాళ్ళకు వెళ్ళే నరాలు.

నాలుగో నెల, వెలుగు పక్షం, పదో రోజు

రక్తం సాగుకు పెట్టాం. ఈ సూక్ష్మజీవి బద్ధకపుది, మొలకెత్తడానికి వారం పైనే పట్టవచ్చు. మందులు మాత్రం ఈ రోజే మొదలయ్యాయి. వారం పాటు సూదులు, రెండు రకాల మాత్రలు పన్నెండు వారాలు.

పచ్చిపాలు ఆపమని ఉదయమే ప్రకటన పెట్టాం. మధ్యాహ్నానికి కూడా దొడ్డి ముందు వరుస అలాగే ఉంది. నేను వెళ్ళి చెబితే ఒకావిడ, "అంకెలు తగ్గాయని మీరేగా చెప్పారు! ఇప్పుడు మీ మందు గొప్పదనిపించడానికి పాలు చెడ్డవంటున్నారా?" అంది. నా ప్రకటన, దాని కింద మేక బొమ్మ ఇంకా గోడ మీదే ఉన్నాయి. 

భోజనాల వేళ బల్ల ఎక్కి నిలబడ్డాను.  "పాల వల్ల తగ్గలేదు. నా మందు వల్లా తగ్గలేదు. గుర్నాథం మామకు జబ్బు చేసి తగ్గింది. మంచి కొలెస్ట్రాల్ పడిపోవడం నాకు ముందే కనిపించింది. నా మందు గెలిచిందన్న సంబరంలో దాన్ని పక్కన పెట్టాను. తప్పు నాది" అన్నాను.

 అప్పుడు వెనక నుంచి చక్రాల కుర్చీ చప్పుడైంది. మంచం దిగవద్దని డాక్టరు చెప్పినా వినకుండా మామ వచ్చాడు. నర్సమ్మత్త తోస్తోంది.

"ఒరే, ఇనండి! నానూ తప్పు సెప్పినాను. మా తాత తొంభై ఏళ్ళు బతికినాడన్నాను. నిజవే. ఆకరి పదేళ్ళూ నడుం ఒంగిపోయి నేల సూసుకుంటా నడిసినాడు. ఆ సంగతి సెప్పనేదు. ఎందుకు నడుం ఒంగిందో నాకిప్పుడు అనుమానంగా ఉన్నాది. పాలు మరగబెట్టుకు తాగండి. మా ఆడోళ్ళ మీద ఒట్టు."

"నా మీద ఒట్లెందుకు, నీ మీదే ఏసుకో" అంది నర్సమ్మత్త. భోజనశాల అంతా గొల్లున నవ్వింది. చెంబులు ఒక్కొక్కటిగా మరగబెట్టే యంత్రం వైపు మళ్ళాయి.

నాలుగో నెల, చీకటి పక్షం, నాలుగో రోజు

మొలిచింది. బ్రుసెల్లానే. గౌరి, చిట్టి రెండింటికీ ఉంది. పోయిన ఏడాది భూమి నుంచి గడ్డకట్టించి తెచ్చిన మేకపోతు వీర్యంలో మిగిలిన గొట్టం పరీక్షిస్తే అందులోనూ కనిపించింది.

పచ్చిపాలు తాగిన యాభై ఏడు మందినీ పరీక్షించాను. నర్సమ్మత్త కాక ఇంకో ముగ్గురికి అంటింది. ఎవరికీ వెన్నులోకి దిగలేదు. మందులు అందరికీ సరిపోతాయి.

భయమంతా మామ గురించే. నిన్నటి నుంచి కుడికాలి బొటనవేలు పైకి లేవడం లేదు. డాక్టరు జమీలా నాతో విడిగా చెప్పారు. "మూడు దినాలు చూస్తా. కాలు ఇంకా బలహీనమైతే కోసి చీము తియ్యాలె. ఈడ, ఈ ఆరో వంతు బరువులో, వెన్నెముక కోసినోళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు. చెయ్యి వణకకుంటే చాలు." ఆవిడ రోజూ ఖాళీ దొరికినప్పుడల్లా బొమ్మ వెన్నెముక మీద సాధన చేస్తున్నారు.

గౌరినీ చిట్టినీ ఈ రోజు సూది వేసి చంపాల్సి వచ్చింది. విడిగా వేరే గదిలో ఉంచి మందులు వాడదామా అని ముందు నేనడిగాను. "ఎన్నాళ్ళుంచినా దాని పాలు, దాని పురుడు అందరికీ బయ్యమే. మిగతా ఇరవై ఒకటీ నా బిడ్డలే కదమ్మా" అంది నర్సమ్మత్త. సూది వేసేటప్పుడు గౌరి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఈసారి ఇద్దరమూ చేతికి తొడుగులు వేసుకున్నాం.

నాలుగో నెల, చీకటి పక్షం, ఏడో రోజు

బొటనవేలు లేచింది!

పొద్దున డాక్టరు ఆపరేషన్ గది సిద్ధం చేసుకుని, జుట్టు కట్టుకుని, మామ పాదం దగ్గర నిలబడి "ఎత్తు అన్నా" అన్నారు. కొంచెం కదిలింది. "ఇంకోసారి." ఈసారి బాగా లేచింది. డాక్టరు టోపీ తీసి పక్కనున్న కుర్చీలో కూలబడి, "నాకు టీ కావాలె" అన్నారు. టీ నేను తెచ్చాను. మరిగించిన పాలతోనే. ఆవిడ అడిగి మరీ రూఢి చేసుకున్నారు.

మామకు నడుముకు గట్టి పట్టీ బిగించారు. "మేకల్లాగ నాకూ పట్టీ కట్టీసినారు, ఎగిరిపోతాననేటి?" అంటున్నాడు.

ఆరో నెల, వెలుగు పక్షం, పన్నెండో రోజు

కొన్ని వారాలుగా రాయడం కుదరలేదు. అంతా మంచే. మామకు జ్వరం పోయింది, చెంపలు నిండాయి, నడుస్తున్నాడు. జబ్బు తగ్గుతున్న కొద్దీ కొలెస్ట్రాల్ పెరిగింది: నూట డెబ్బై, రెండు వందల పది, ఈ రోజు రెండు వందల నలభై నాలుగు. మంచిది నలభై మూడు. అత్తది మళ్ళీ నూట రెండు.

"ఇంతకీ నీ మందు పని సేసిందా, నేదా?" అని అడిగాడు మామ.

"పాత రెండు వందల ఎనభై ఆరు దాకా పోలేదు, రెండు వందల నలభై నాలుగు దగ్గర ఆగింది. కొంచెం చేసిందేమో. ఇంకా పెరుగుతుందేమో. తెలీదు మామా."

"తెలీదని ఇంత కులాసాగా సెప్పేదాన్ని నిన్నే సూసినాను."

కొలెస్ట్రాల్ తగ్గించే మామూలు మాత్రలు మొదలుపెట్టాం. అవి పాతవి, నమ్మకమైనవి. పాత వ్యాసం చెరిపేద్దామనుకుంటే డాక్టరు జమీలా వద్దన్నారు. "అందులో కొలిచినవన్నీ నిజమే గద. పేరొకటే తప్పు." అందుకని కూర్చుని మళ్ళీ రాశాను. ఖాళీగా వదిలిన గడి నింపాను. పుట్టుకతో కొలెస్ట్రాల్ ఎక్కువున్న మనిషికి కారణం లేకుండా అది పడిపోతే, రెండు రకాలూ కలిసి పడిపోతే, సంతోషించే ముందు ఒళ్ళంతా వెతకండి, నడుం నొప్పి ఉంటే వెన్ను చూడండి అని రాశాను. జబ్బు అంటుకున్న మిగతా నలుగురి అంకెలూ మామ అంకెలతో కలిపి పెట్టాను. భూమికీ, చంద్రుడి మీది మిగతా ఊళ్ళకూ పంపాను.

ఏడో నెల, వెలుగు పక్షం, ఎనిమిదో రోజు

దక్షిణ ధ్రువం దగ్గరి మంచుగనుల ఊరి నుంచి ఈ రోజు కబురు వచ్చింది. అక్కడి డాక్టరు రాశాడు. వంజీరు అనే ఆవిడ అక్కడ గని మేస్త్రీ. ఆవిడకు చిన్నప్పటి నుంచీ కొలెస్ట్రాల్ మూడు వందల పైన. మూడు నెలలుగా అది తగ్గుతూ వస్తుంటే కొత్త తిండి పద్ధతి ఫలించిందని అందరూ మెచ్చుకుంటున్నారట. నడుం నొప్పి గని పని వల్ల అనుకున్నారట. నా వ్యాసం చదివి స్కాన్ తీస్తే వెన్నులో చీము. పుచ్చుపన్ను నుంచి రక్తంలో కలిసిన వేరే సూక్ష్మజీవి. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే కాళ్ళు పడిపోయేవని రాశాడు. ఇప్పుడు కోలుకుంటోందట. ఆ గుర్నాథం ఎవరో చూడాలని అడుగుతోందట.

ఉత్తరం రెండుసార్లు చదివి మామకు చెప్పడానికి పరుగెత్తాను.

సాయంత్రం నాలుగింటికి తెర కలిపాం. అవతల పొట్టిగా, దృఢంగా, నెరిసిన జుట్టుతో ఒకావిడ కనిపించింది. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకు రాదు. అనువాద యంత్రం పెడతానని నేను మీటలు వెతుకుతుంటే మామ ఆగలేదు. లేచి నిలబడి, వెనక్కి తిరిగి, చొక్కా పైకెత్తి తన నడుంపట్టీ చూపించాడు.

ఆవిడ ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, పకపకా నవ్వి, తనూ లేచి వెనక్కి తిరిగింది. అదే రకం పట్టీ, రంగు ఎరుపు.

"సూడే నర్సీ! ఆవిడిది నాదానికన్నా బాగున్నాది" అన్నాడు మామ. మీటలు వెతకడం మానేసి నేనూ వాళ్ళతోపాటు కూర్చున్నాను.